టవరు మీది పెట్టె ఎవరిది?

మీ ఊరి చివరో, మీ బడి పక్కనున్న మేడ మీదో ఒక సెల్‌ఫోను టవరు ఉండే ఉంటుంది. అది ఎవరిదని అడిగితే ‘జియోది’ అనో, ‘ఎయిర్‌టెల్‌ది’ అనో, ‘బి.ఎస్.ఎన్.ఎల్.ది’ అనో ఠక్కున చెప్పేస్తారు. బాగానే ఉంది. మరి ఆ టవరు మీద కట్టిన పెట్టెలను తయారు చేసింది ఎవరు? ఈ ప్రశ్నకు మాత్రం పెద్దవాళ్లలో కూడా చాలామంది తడుముకుంటారు.

సిమ్ము అమ్మే కంపెనీ వేరు. టవరు మీది యంత్రాలు తయారు చేసే కంపెనీ వేరు. బస్సు నడిపేది ఆర్టీసీ అయినా ఆ బస్సు ఇంజను తయారు చేసేది మరో కంపెనీ కదా! ఇదీ అంతే. సిమ్ములు అమ్మి మనకు సేవ అందించేవారిని ఆపరేటర్లు అంటారు. ప్రపంచంలో ఇలాంటి ఆపరేటర్లు వందల సంఖ్యలో ఉన్నారు. కానీ వారి టవర్ల మీది యంత్రాల్లో అధికభాగం అయిదే అయిదు కంపెనీల నుంచి వస్తున్నాయి. అవి స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్, ఫిన్లాండ్‌కు చెందిన నోకియా, దక్షిణ కొరియాకు చెందిన శామ్‌సంగ్, చైనాకు చెందిన హువావే, జెడ్.టి.ఇ.

ఇంత పెద్ద ప్రపంచానికి అయిదు కంపెనీలేనా? మిగిలినవారు ఏమయ్యారు? 3జి పోయి 4జి, 4జి పోయి 5జి వచ్చినప్పుడల్లా ఈ కంపెనీల మధ్య పోటీ ఎందుకంత తీవ్రమవుతుంది? ఆ పోటీలో ఎవరు గెలిస్తే మనకేమిటి? ఒక్కొక్కటే చూద్దాం.

మాట వెళ్లే దారి

మీరు ఫోనులో ‘హలో’ అన్నారనుకోండి. ఫోను ఆ శబ్దాన్ని ముందుగా అంకెలుగా, అంటే 0, 1ల వరసగా మారుస్తుంది. ఆ అంకెలను విద్యుదయస్కాంత తరంగాల మీదికెక్కించి బయటికి వదులుతుంది. టవరు మీద నిలువు పలకలా కనిపించేది ఆంటెన్నా. అది ఆ తరంగాలను పట్టుకుంటుంది. దాని వెనకాలో, పక్కనో ఉండే రేడియో పెట్టె నీరసించిపోయిన ఆ సంకేతానికి బలం చేకూరుస్తుంది. టవరు కింద, బీరువాలాంటి పెట్టెలో మరో యంత్రం ఉంటుంది. దీని పేరు బేస్‌బ్యాండ్ యూనిట్. పేరు ఎలా ఉన్నా ఇది ఒక కంప్యూటరే. తరంగాల్లోంచి అంకెలను మళ్లీ విడదీసేది ఇదే. ఒకే టవరు కింద వందమంది ఫోన్లు వాడుతుంటే ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి అన్నది సెకనులో వెయ్యో వంతు కాలంలో తేల్చేదీ ఇదే.

అక్కడి నుంచి మీ ‘హలో’ ఎక్కువగా సన్నని గాజు తీగల్లో కాంతి రూపంలో ప్రయాణించి ‘కోర్’ అనే కేంద్రానికి చేరుతుంది. నెట్‌వర్కుకు ఇది గుండెకాయ వంటిది. మీ సిమ్ము అసలైనదేనా, మీరు డబ్బు కట్టారా, మీరు పిలిచిన మనిషి ప్రస్తుతం ఏ టవరు కింద ఉన్నాడు అనేవి అక్కడ తేలుతాయి. ఆంటెన్నా, రేడియో పెట్టె, బేస్‌బ్యాండ్, కోర్ - ఈ నాలుగింటినీ అమ్ముకోవడానికే ఆ కంపెనీల పోటీ.

తరం మారడమంటే?

‘జి’ అనేది ‘జనరేషన్’ అనే మాటకు పొడి అక్షరం. అంటే తరం. మొదటి తరం సెల్‌ఫోను సేవ 1979లో టోక్యోలో మొదలయింది. అందులో మాట అంకెలుగా మారేది కాదు. రెండో తరం సేవ 1991లో ఫిన్లాండ్‌లోనూ, మూడోది 2001లో జపాన్‌లోనూ, నాలుగోది 2009లో స్వీడన్, నార్వేలలోనూ, అయిదోది 2019లో దక్షిణ కొరియా, అమెరికాలలోనూ మొదలయ్యాయి. ఇంచుమించు పదేళ్లకొక తరం అన్నమాట. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తా, ఢిల్లీల మధ్య జరిగింది. 4జి 2012 ఏప్రిల్‌లో, అదీ కలకత్తాలోనే మొదలయింది. 5జి 2022 అక్టోబరు 1న వచ్చింది.

నాలుగో తరం తొలిరోజున జరిగిన సంగతి చెప్పుకోదగ్గది. 2009 డిసెంబరు 14న టెలియాసొనేరా అనే ఒకే ఆపరేటరు రెండు రాజధానుల్లో 4జి ప్రారంభించింది. స్టాక్‌హోంలో యంత్రాలు ఎరిక్సన్‌వి. ఓస్లోలో యంత్రాలు హువావేవి. ఎరిక్సన్ 1876లో అదే స్టాక్‌హోం నగరంలో టెలిగ్రాఫు పరికరాలు బాగుచేసే చిన్న దుకాణంగా పుట్టింది. హువావే 1987లో చైనాలోని షెంజెన్‌లో పుట్టింది. రెంటికీ మధ్య 111 ఏళ్ల తేడా! అయినా ఆ రోజు రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి. తరం మారడంలోని కీలకం ఇదే. పాత తరంలో వెనకబడ్డవాడికి కొత్త తరం ఒక అవకాశం. పాత తరంలో ముందున్నవాడికి అదే ఒక గండం.

పాత పెట్టె ఎందుకు చాలదు?

‘ఫోనులో సాఫ్టువేరు మార్చుకున్నట్టు టవరులో కూడా మార్చేస్తే సరిపోదా? కొత్త పెట్టె ఎందుకు?’ అని మీలో కొందరు అడుగుతారు. మంచి ప్రశ్న. కొంతవరకు అలా కుదురుతుంది కూడా. పూర్తిగా ఎందుకు కుదరదో ఒక చిన్న లెక్క చేస్తే తెలుస్తుంది.

తరంగదైర్ఘ్యం = వేగం ÷ పౌనఃపున్యం. ఈ సూత్రం మీ భౌతికశాస్త్రం పాఠంలో ఉన్నదే. విద్యుదయస్కాంత తరంగాల వేగం సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు. 700 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 70 కోట్ల కంపనాలు. 30ని 70తో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 43 సెంటీమీటర్లు వస్తుంది. మన దేశంలో 5జికి ఎక్కువగా వాడుతున్న పౌనఃపున్యం దాదాపు 3,500 మెగాహెర్ట్జ్. అంటే సెకనుకు 350 కోట్ల కంపనాలు. ఇప్పుడు 30ని 350తో భాగించండి. 8.6 సెంటీమీటర్లు! మీ అరచేతి వెడల్పుకు దగ్గరగా ఉంటుంది.

తరంగం పొట్టిదయితే ఒక నష్టం, ఒక లాభం. గోడలను దాటడం దానికి కష్టం. దూరం పోయేకొద్దీ త్వరగా అందకుండా పోతుంది. ఇది నష్టం. ఇక లాభం చూడండి. ఆంటెన్నాలోని ఒక్కో ముక్క సాధారణంగా తరంగదైర్ఘ్యంలో సగం ఉంటుంది. 700 మెగాహెర్ట్జ్‌కు అది 21 సెంటీమీటర్లు. 3,500కు 4.3 సెంటీమీటర్లు మాత్రమే. ఇలాంటి ముక్కలను 8 వరసల్లో, వరసకు 8 చొప్పున 64 అమర్చాలంటే మొదటిదానికి 1.7 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న పలక కావాలి. అది మనిషంత ఉంటుంది. రెండోదానికి 34 సెంటీమీటర్ల పలక చాలు. అది మీ పుస్తకాల సంచీలో పట్టేస్తుంది.

64 ముక్కలు ఎందుకంటారా? చెరువులో ఒకేసారి రెండు రాళ్లు వేసి చూడండి. రెండు అలల శిఖరాలు కలిసినచోట నీరు ఎత్తుగా లేస్తుంది. ఒకదాని శిఖరం, మరొకదాని పల్లం కలిసినచోట నీరు కదలకుండా ఉంటుంది. ఇదే సూత్రంతో 64 ముక్కల నుంచి తరంగాలను ఒకదానికొకటి కాస్త ముందువెనకలుగా వదిలితే, కావలసిన దిక్కులో అవి కలిసి బలపడతాయి. మిగతా దిక్కుల్లో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పాత ఆంటెన్నా పెట్రోమాక్స్ దీపంలాంటిది. చుట్టూ ఉన్నవారందరికీ ఒకే వెలుగు. కొత్తది టార్చిలైటులాంటిది. ఎవరు అడిగితే వారివైపే తిరుగుతుంది. పైగా తిరగడానికి ఇందులో కదిలే భాగమేదీ లేదు. అంతా లెక్కలతోనే జరుగుతుంది.

ఆ లెక్కలు మాత్రం సామాన్యమైనవి కావు. మీరు నడుస్తుంటే కిరణం మీ వెంట రావాలి. మీ పక్కవాడికి మరో కిరణం కావాలి. ఇవన్నీ క్షణక్షణం గుణించడానికి సరికొత్త చిప్‌లు కావాలి. చిప్‌లు పనిచేస్తే వేడెక్కుతాయి. వేడి తగ్గించాలంటే లోహపు రెక్కలు కావాలి, దాంతో పెట్టె బరువెక్కుతుంది. బరువెక్కితే టవరు మీదికి ఎక్కించడం కష్టం. కరెంటు బిల్లు కూడా పెరుగుతుంది. లక్ష టవర్లున్న ఆపరేటరు విషయం ఆలోచించండి. ఒక్కో పెట్టె కాస్త తక్కువ కరెంటు తాగినా అతడికి ఏడాదికి ఎంత మిగులుతుంది! అందుకే కంపెనీల పోటీ ధర మీద మాత్రమే ఉండదు. ఎవరి పెట్టె తేలిక, ఎవరిది తక్కువ కరెంటుతో పనిచేస్తుంది, ఎవరిది ఎక్కువమందికి చోటిస్తుంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

మిక్సీ, దాని జారు

మీరు ఏ కంపెనీ ఫోను కొన్నా ఏ టవరు కిందనైనా పనిచేస్తుంది. ఎందుకని? ఫోనుకూ టవరుకూ మధ్య నడిచే సంభాషణకు ప్రపంచమంతా ఒప్పుకున్న నియమాలున్నాయి. 1998లో ఏర్పడిన త్రీజీపీపీ అనే సంస్థ వీటిని రాస్తుంది. పోటీ కంపెనీల ఇంజనీర్లే ఒకచోట కూర్చుని ఈ నియమాలను తయారు చేస్తారు. విచిత్రంగా లేదూ?

అయితే టవరు మీది రేడియో పెట్టెకూ, కింది బేస్‌బ్యాండ్‌కూ మధ్య నడిచే భాష చాలాకాలంగా ఏ కంపెనీది ఆ కంపెనీదే. మీ ఇంట్లో మిక్సీని చూడండి. దాని ప్లగ్గు ఎవరింటి సాకెట్‌లో పెట్టినా పడుతుంది. కానీ ఒక కంపెనీ జారు మరో కంపెనీ మిక్సీ మీద కూర్చోదు. జారు పగిలితే మళ్లీ ఆ కంపెనీనే వెతుక్కోవాలి. ఆపరేటరు పరిస్థితి కూడా అదే. ఒక ప్రాంతంలో ఒక కంపెనీ బేస్‌బ్యాండ్ పెట్టాక, రేడియో పెట్టెలు కూడా దాని దగ్గరే కొనక తప్పదు.

ఈ చిక్కు తరం మారేటప్పుడు మరింత బిగుస్తుంది. 5జి పెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది ఉన్న 4జి మీద ఆనించి పెట్టడం. రెండోది దేని మీదా ఆనకుండా సొంత కోర్‌తో విడిగా పెట్టడం. మొదటిది త్వరగా అయిపోతుంది. కానీ 4జి, 5జి యంత్రాలు ప్రతి క్షణం మాట్లాడుకోవాలి కనుక పాత 4జి కంపెనీ దగ్గరే 5జి కూడా కొనడం సులువు. రెండో పద్ధతిలో ఖర్చు ఎక్కువే అయినా ఆ కట్టుబాటు తక్కువ.

మన దేశంలోనే ఈ రెండూ జరిగాయి. ఎయిర్‌టెల్ 2022లో మొదటి పద్ధతిలో ప్రారంభించి ఎరిక్సన్, నోకియా, శామ్‌సంగ్‌లతో ఒప్పందం చేసుకుంది. జియో రెండో పద్ధతిని ఎంచుకుంది. 2016లో జియో 4జి ప్రారంభించినప్పుడు దాని యంత్రాలు శామ్‌సంగ్‌వి. 2022లో 5జి కోసం అది ఎరిక్సన్, నోకియాలతో ఒప్పందాలు ప్రకటించింది. పాత జారుతో ముడి లేనప్పుడు కొత్త మిక్సీని స్వేచ్ఛగా ఎంచుకోవచ్చు కదా!

ఓడినవారు ఏమయ్యారు?

చేతిలో పట్టుకునే సెల్‌ఫోనుతో మొదటి సంభాషణ జరిగింది 1973లో. ఆ ఫోను మోటరోలా కంపెనీది. అదే కంపెనీ నెట్‌వర్కు యంత్రాల వ్యాపారాన్ని 2011లో నోకియా సీమెన్స్ కొనేసింది. కెనడాకు చెందిన నార్టెల్‌ది వందేళ్లకు పైబడిన చరిత్ర. 2009 జనవరిలో అది దివాలా పిటిషను వేసింది. అమెరికాకు చెందిన లూసెంట్ 2006లో ఫ్రాన్స్‌కు చెందిన ఆల్కాటెల్‌తో కలిసిపోయింది. ఆ రెండూ కలిసి 2016లో నోకియాలో కలిసిపోయాయి. లూసెంట్‌తోపాటే బెల్ ప్రయోగశాల కూడా చేతులు మారింది. 1947లో ట్రాన్సిస్టరు పుట్టింది ఆ ప్రయోగశాలలోనే. ఇప్పుడది నోకియాది. ఆ నోకియా ఎలా మొదలైందనుకున్నారు? 1865లో కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లుగా!

ఇంత పెద్ద కంపెనీలు ఎందుకు కుప్పకూలతాయి? కొత్త తరం యంత్రం ఒక్కటి కూడా అమ్ముడుపోకముందే ఏళ్లతరబడి పరిశోధనకు డబ్బు పోయాలి. ఆ డబ్బు పాత తరం యంత్రాల అమ్మకం నుంచే రావాలి. ఒక తరంలో అమ్మకాలు పడిపోతే తరువాతి తరం పరిశోధనకు డబ్బు ఉండదు. పరిశోధన లేకపోతే తరువాతి తరంలో అమ్మడానికి సరుకే ఉండదు. ఒక పంట పోయిన రైతు మరుసటి ఏడు విత్తనాలకు ఇబ్బంది పడినట్టే ఇది.

చౌక ఒక్కటే చాలదు

యంత్రాలు అమ్మేవారు తగ్గిపోతే నష్టమేమిటి? 2018 డిసెంబరు 6న ఏం జరిగిందో వినండి. ఆ రోజు బ్రిటన్‌లో ఓ-టూ అనే ఆపరేటరు నెట్‌వర్కులో ఇంటర్నెట్ ఆగిపోయింది. సుమారు మూడు కోట్ల ఇరవై లక్షలమందికి ఇబ్బంది కలిగింది. అదే రోజు జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ సేవలు కూడా గంటల తరబడి నిలిచిపోయాయి. ఎక్కడి బ్రిటన్, ఎక్కడి జపాన్! కారణం మాత్రం ఒక్కటే. ఇద్దరి కోర్‌లోనూ ఎరిక్సన్ సాఫ్టువేరు ఉంది. అందులో ఒక భద్రతా ధ్రువపత్రానికి గడువు తీరిపోయింది. గడువు తీరిన బస్సు పాసులా అది చెల్లకుండా పోయింది. ఒక్క చిన్న తేదీ ఖండాంతరాలలో ఫోన్లను మూగబోయేలా చేసింది.

రెండో సమస్య నమ్మకం. దేశం మొత్తం మీద ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఈ యంత్రాలకు తెలుసు. యుద్ధం వస్తే వీటిని తయారుచేసిన దేశం మనకు మిత్రుడా, శత్రువా? ఈ అనుమానంతోనే అమెరికా 2019 మేలో హువావే మీద ఆంక్షలు విధించింది. 2027 చివరికల్లా తమ 5జి నెట్‌వర్కుల నుంచి హువావే యంత్రాలను తీసివేయాలని బ్రిటన్ 2020 జులైలో ఆదేశించింది. హువావే మాత్రం తన మీది ఆరోపణలను మొదటి నుంచీ తోసిపుచ్చుతోంది. మన దేశం ఏ కంపెనీ పేరూ చెప్పకుండా, 2021 జూన్ 15 నుంచి ‘నమ్మదగిన’ మూలాల నుంచి వచ్చిన యంత్రాలనే కొత్తగా పెట్టాలని నియమం చేసింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, గమనించారా? భద్రత కోసం ఇద్దరిని పక్కన పెడితే అయిదుగురిలో మిగిలేది ముగ్గురు. బేరమాడే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది.

మన పెట్టె

అయితే మనమే తయారు చేసుకుంటే? ఈ ఆలోచన కొత్తది కాదు. 1984లో కేంద్ర ప్రభుత్వం సి-డాట్ అనే పరిశోధన సంస్థను స్థాపించింది. విదేశీ టెలిఫోను ఎక్స్ఛేంజీలకు చల్లని గదులు కావాలి. మన పల్లెల్లో అప్పట్లో కరెంటుకే దిక్కులేదు. అందుకని ఏసీ అవసరం లేని 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజీని సి-డాట్ రూపొందించింది. 1986లో కర్ణాటకలోని కిట్టూరులో దానిని నెలకొల్పారు. తరువాత అలాంటివి వేల పల్లెలకు చేరాయి.

సెల్‌ఫోను తరాల్లో మాత్రం మనం వెనకబడ్డాం. 2020లో బి.ఎస్.ఎన్.ఎల్. అప్పటి 4జి టెండరును రద్దు చేసింది. స్వదేశీ యంత్రాలే వాడాలని నిర్ణయమయింది. సి-డాట్ కోర్‌ను, బెంగుళూరుకు చెందిన తేజస్ నెట్‌వర్క్స్ రేడియో యంత్రాలను తయారుచేయగా, టి.సి.ఎస్. వాటన్నిటినీ కూర్చింది. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ఈ 4జిని ప్రధాని ప్రారంభించారు. 97,500కు పైగా టవర్లు సిద్ధమయ్యాయని ప్రభుత్వం ప్రకటించింది.

సంతోషించవలసిన సంగతే. కానీ లెక్కకు రెండో వైపు కూడా చూడాలి. ఎయిర్‌టెల్ 4జికీ, బి.ఎస్.ఎన్.ఎల్. సొంత 4జికీ మధ్య పదమూడేళ్లు గడిచాయి. ఆ పదమూడేళ్లూ బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ము తప్ప వేరే దిక్కులేని ఊళ్లలోని పిల్లలకు పాఠాల వీడియో తెరుచుకోవడమే కష్టమయింది. సిద్ధంగా ఉన్నది కొంటే పని త్వరగా అవుతుంది, విద్య మాత్రం అబ్బదు. సొంతంగా చేసుకుంటే విద్య అబ్బుతుంది, కాలం ఖర్చవుతుంది. ఎంత ఖర్చు పెట్టవచ్చు అన్నదే అసలు ప్రశ్న.

ఏ జారయినా ఏ మిక్సీకయినా

మిక్సీల కంపెనీలన్నీ ఒకే కొలత జారుకు ఒప్పుకుంటే ఎలా ఉంటుంది? టవరు యంత్రాల విషయంలో సరిగ్గా ఈ ప్రయత్నమే జరుగుతోంది. రేడియో పెట్టె ఒకరిది, బేస్‌బ్యాండ్ మరొకరిది అయినా కలిసి పనిచేసేలా నియమాలు రాయడానికి 2018లో ఓ-రాన్ అలయన్స్ అనే కూటమి ఏర్పడింది. జపాన్‌లో రాకుటెన్ అనే కొత్త ఆపరేటరు 2020 ఏప్రిల్‌లో ఈ తరహా నెట్‌వర్కుతో సేవలు ప్రారంభించింది. చిన్న కంపెనీలకు ఇది తలుపు తెరిచినట్టే.

ఇందులోనూ ఇబ్బంది లేకపోలేదు. నలుగురి యంత్రాలు కలిపి పెట్టినప్పుడు ఏదైనా చెడితే, ‘నాది బాగానే ఉంది, వాడిదే తప్పు’ అని ప్రతివాడూ అంటాడు. అందుకే పెద్ద ఆపరేటర్లు ఇంకా పెద్ద కంపెనీలవైపే మొగ్గుతున్నారు. 2023 డిసెంబరులో అమెరికాలోని ఏ.టి. అండ్ టి. ఈ కొత్త పద్ధతికి మారతానని ప్రకటించింది. దాదాపు 1,400 కోట్ల డాలర్ల ఆ ఒప్పందం దక్కింది ఎవరికనుకున్నారు? ఎరిక్సన్‌కే! తలుపు తెరిచినంత మాత్రాన లోపలికి వచ్చేది కొత్తవాడే కానక్కరలేదు.

తరువాతి తరం, 6జి నియమాలు రాసే పని త్రీజీపీపీలో ఇప్పటికే మొదలయింది. ఆ నియమాలు పూర్తయి, యంత్రాలు తయారయ్యేనాటికి మీలో కొందరు ఇంజనీర్లయి ఉంటారు. అప్పుడు టవరు మీది పెట్టె ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు మీ చేతుల్లోనే ఉంటుంది.

మీరే చేసి చూడండి

1. మీ దగ్గరలోని టవరును దూరంగా నిలబడి గమనించండి. కంచె దాటి లోపలికి వెళ్లకూడదు. నిలువు పలకలు సాధారణంగా మూడు దిక్కులకు తిరిగి ఉంటాయి. పొడుగువి ఎన్ని, పొట్టిగా మందంగా ఉన్నవి ఎన్ని లెక్కపెట్టి బొమ్మ గీయండి. 64 ముక్కల సంగతి గుర్తుందిగా? 5జి పలక ఏదై ఉంటుందో ఊహించండి.

2. హైదరాబాదు రెయిన్‌బో ఎఫ్.ఎం. 101.9 మెగాహెర్ట్జ్‌లో ప్రసారమవుతుంది. దాని తరంగదైర్ఘ్యం ఎంత? (జవాబు: సుమారు 2.94 మీటర్లు.) అలాంటి తరంగంతో 64 ముక్కల చదరపు ఆంటెన్నా చేస్తే దాని భుజం ఎంత ఉంటుంది? జవాబు మీరే కట్టి, అది మీ తరగతి గదిలో పడుతుందో లేదో టేపుతో కొలిచి చూడండి.